బ్రేకుకో గుండీ

నాకు కారు నడపడం రాదన్న సంగతి ఊళ్లో నలుగురికే తెలుసు: మా ఆయనకి, మా మరిదికి, మా అత్తయ్యకి, మా గేటు స్తంభానికి.

ఇంకెవరికైనా రాకపోతే అదేమీ దాచుకోవాల్సిన విషయం కాదు. కానీ మాది డ్రైవింగు స్కూలు. ఇంటి ముందుగదిలో పదకొండేళ్లుగా క్లాసు చెప్పేది నేను. గది మధ్యలో పెద్ద బల్ల ఉంటుంది. దాని మీద నేనే రంగులేసి గీసిన రోడ్లు, నాలుగు కూడళ్లు, ఒక వంతెన, ఒక రైల్వే గేటు. సిగ్నళ్లు అట్టతో చేసినవి. అగ్గిపెట్టెంత బొమ్మ కార్లు ఇరవై మూడు. ఇరవై నాలుగోది ఒక విద్యార్థి జేబులో వెళ్లిపోయింది. ఎవరి జేబులోనో నాకు తెలుసు, అడగలేదు, అంతే.

ఆ బల్ల మీద నేను నడపని బండి లేదు. వానలో ముందు బండికి ఎంత దూరంలో ఉండాలి, కూడలిలో ఎవరు ఎవరికి దారివ్వాలి, ఎత్తు మీద ఆగిన కారుని వెనక్కి జారనివ్వకుండా ఎలా కదిలించాలి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాను. నా దగ్గర చదువుకున్నవాళ్లు రూల్సు పేపరు తప్పడం ఇంతవరకూ జరగలేదు. అందరూ నన్ను టీచరమ్మ అంటారు. టీచరమ్మ బండి ఎక్కగా చూశారా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. వంటాయన భోంచేశాడో లేదో ఎవరు చూస్తారు?

పెళ్లయిన కొత్తలో మా ఆయన నేర్పబోయారు. రెండో రోజు గేటు స్తంభం నా కారుకి ఎదురొచ్చింది. ఆయన దిగి బంపరు చూశారు, స్తంభం చూశారు, నన్ను చూశారు. "నీకు నోరుంది కదా, కాళ్లతో పనేంటి?" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకునేలోపు పదకొండేళ్లు గడిచిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఆ మాట పట్టుకుని నేను హాయిగా దాక్కున్నాను. స్తంభం మీద పెచ్చు ఊడిన చోట ఇప్పటికీ సున్నం వేరే రంగులో కనిపిస్తుంది.

ఇలా ఉండగా ఒక ఉత్తరం వచ్చింది. ఇకనుంచి డ్రైవింగు స్కూల్లో క్లాసు చెప్పేవాళ్లకి కూడా లైసెన్సు ఉండాలట. రెండు నెలలు గడువు.

మా ఆయన కాఫీ తాగుతూ చదివి, మడిచి, గ్లాసు కింద పెట్టారు.

"పోనీలే, క్లాసు తమ్ముడు చెప్తాడు. నీకూ కాస్త విశ్రాంతి."

"నేను విశ్రాంతి అడిగానా?"

"అడక్కుండానే ఇస్తున్నానుగా. పదకొండేళ్లలో నేర్చుకోనిది రెండు నెలల్లో అవుతుందా చెప్పు."

ఆయన మాటలో వెటకారం లేదు. అదే ఎక్కువ మండించింది.

మా మరిది అప్పుడే ముందుగదిలోకి వెళ్లి బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. మంచివాడే, కానీ ఖాళీ చోటు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "వదినా, ఈ బల్ల తీసేస్తే ఇంకో ఆరు కుర్చీలు పడతాయి. గోడకి ప్రొజెక్టరు పెట్టేస్తే చాలు" అంటూ ఒక బొమ్మ కారుని తీసి కూడలిలో పెట్టాడు. రాంగ్ సైడులో పెట్టాడు.

నేను దాన్ని తిప్పి పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. వంటింట్లో అత్తయ్య ఉన్నారు.

మా అత్తయ్య గురించి ఇక్కడ చెప్పాలి. ఈ స్కూలు మొదలుపెట్టింది ఆవిడ, మా మామగారు. మామగారు ఆఫీసు చూసుకుంటే ఆవిడ కారులో కూర్చుని ఇరవై ఎనిమిదేళ్లు నేర్పారు. ఊరంతా బ్రేకు బామ్మ అంటారు. ఇప్పుడు డెబ్బై ఒకటి. కుడి మోకాలు పాడై కారు దిగిపోయారు గానీ లైసెన్సు మాత్రం ఏనాడూ గడువు దాటనివ్వలేదు. అది పర్సులో ఉందో లేదో వారానికోసారి చూసుకుంటారు.

"విన్నాను" అన్నారావిడ, ఉల్లిపాయ తరుగుతూ. "ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయ."

"ఉల్లిపాయ నా దగ్గరుంది. నువ్వు అంత దూరంలో ఉన్నావు." కత్తి పక్కన పెట్టారు. "మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా స్కూలు మూసేస్తాం. నా కొడుకులిద్దరూ పడుకుంటే పిడుగు పడ్డా లేవరు. బండి తీయవే, నేను పక్కన కూర్చుంటా."

"నాకు భయం అత్తయ్యా."

"తెలుసు. నాకు కొత్తదేదైనా చెప్పు."

మా స్కూలు కారులో నేర్పేవాళ్ల సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. రెండు బ్రేకులూ లోపల ఒకే కడ్డీకి కలిపి ఉంటాయి కాబట్టి ఎవరు తొక్కినా రెండూ కిందికి దిగుతాయి. ఇక రెండు సీట్ల మధ్యన, హ్యాండు బ్రేకు పక్కన, ఒక రేకు డబ్బా. దాని నిండా గుండీలు. మామగారు చిరిగిన చొక్కాలు పారేసేముందు కోసి దాచినవి. నేర్పేవాళ్లు తమ బ్రేకు తొక్కాల్సి వచ్చినప్పుడల్లా ఒక గుండీ తీసి ముందున్న పళ్లెంలో వేస్తారు. అరవకూడదు, తిట్టకూడదు. గుండీ పడ్డ చప్పుడు చాలు. పాఠం అయ్యాక లెక్కపెట్టుకోవాలి. ఏ రోజైతే పళ్లెం ఖాళీగా ఉంటుందో ఆ రోజే పరీక్షకి దరఖాస్తు. సున్నా గుండీలు రానివాళ్లని మా స్కూలు పరీక్షకి పంపదు. ఈ రూలు క్లాసులో మొదటి రోజే చెప్పేదాన్ని. ఎంతమందిని ఏడిపించానో!

మర్నాడు పొద్దున్నే లెర్నర్సు లైసెన్సు తెచ్చుకుని, మధ్యాహ్నం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, తలకి స్కార్ఫు చుట్టుకుని కారెక్కాను. అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూశారు.

"బ్యాంకు దోచుకోవడానికా?"

"ఎవరైనా విద్యార్థులు చూస్తే?"

"చూస్తే బ్యాంకు వాళ్లకి చెప్తారు. పద."

ఆవిడ మోకాళ్ల మీద శాలువా కప్పుకున్నారు, ఏసీ గాలికి కీలు పట్టేస్తుందని. కుడి కాలు బ్రేకు మీదుందని చెప్పారు. చెయ్యి గుండీల డబ్బా దగ్గర పెట్టుకున్నారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో కారు మూడుసార్లు ఆఫ్ చేశాను.

మొదటి రోజు తొమ్మిది గుండీలు. పాలబండి ఎదురొస్తే ఒకటి, పిల్లి అడ్డమొస్తే ఒకటి, ఏమీ రాకపోయినా రెండు. పడ్డప్పుడల్లా టింగ్‌మని చప్పుడు. నేనూ బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. ఆవిడ నాకంటే అరక్షణం ముందు తొక్కారనుకునేదాన్ని. రెండు పెడల్సూ కలిసే దిగుతాయి కదా, ఎవరి కాలు ముందో ఎవరికి తెలుస్తుంది?

రెండో వారానికి ఏడు. తరవాత ఆరు. ఒకసారి కూరగాయల మార్కెట్టు సందులో ఇటో బండి అటో బండి పెట్టి ఉన్న చోట దూరిపోయి బయటికొచ్చాను. అత్తయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

"మీరు తొక్కలేదా?"

"టమాటా ధర చూస్తున్నా. ఏదీ, మర్చిపోయాను" అని ఒక గుండీ వేశారు.

ఆ మాట అప్పుడే పట్టుకోవాల్సింది. నాకు తట్టలేదు. నా తప్పులు ఎవరైనా లెక్కపెడుతుంటే నాకు మహా భద్రంగా ఉంటుంది.

ఆ వారంలోనే క్లాసులో పళ్ల డాక్టరు లేచి నిలబడ్డారు. యాభై ఏళ్ల మనిషి, మా విద్యార్థుల్లో అందరికంటే పెద్దాయన, అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగేవారు.

"టీచరుగారూ, నిన్న మిమ్మల్ని రోడ్డు మీద చూశానండి."

గదంతా నా వైపు తిరిగింది.

"స్కూలు కారులో. మా ఆస్పత్రి ముందు నుంచి వెళ్లారు. ఏమి నిదానమండీ! పదిహేను దాటలేదు. వెనక లారీ ఎంత హారను కొట్టినా తొణకలేదు, బెణకలేదు. స్కార్ఫుతో సహా ఎంత క్రమశిక్షణ! మేం కదా నేర్చుకోవాల్సింది."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నేను గంభీరంగా తలూపి, ఆస్పత్రుల దగ్గర వేగం గురించి పావుగంట చెప్పాను. ఆ లారీ డ్రైవరు ఏమన్నాడో వాళ్లకి తెలియదు కదా.

గడువు ఇంక పది రోజులుందనగా గుండీలు రెండుకి దిగాయి. అక్కడే ఆగిపోయాయి. సోమవారం రెండు, మంగళవారం రెండు, బుధవారం రెండు.

"సున్నా రావట్లేదు అత్తయ్యా. దరఖాస్తు ఎలా వేస్తాను?"

"చేత్తో వెయ్యి."

"రూలు మీరు పెట్టిందేగా!"

"నేను పెట్టిందే. ఎవరి కోసం పెట్టానో కూడా నాకే తెలుసు." ఆవిడ శాలువా మడుస్తున్నారు. "సున్నా వచ్చేదాకా ఆగుతావా? ఆగు. బల్ల ఎక్కడ పెట్టాలో నా చిన్నకొడుకు ఆలోచిస్తున్నాడు. మేడ మీద గదిలోనట, పాత మంచాల పక్కన."

ఆ మధ్యాహ్నం ముందుగదిలో ఒక్కదాన్నే కూర్చుని దరఖాస్తు నింపాను. పేరు, వయసు, చిరునామా అన్నీ రాశాను. సంతకం దగ్గర కలం ఆగింది. నా దగ్గరికి వచ్చి ఎవరైనా "రెండు గుండీలేనండీ, పంపించండి" అంటే నేనేమనేదాన్నో నాకు బాగా తెలుసు. అలాంటివాళ్లలో నలుగురి మొహాలు కూడా గుర్తొచ్చాయి. తప్పితే ఇంకో పరీక్ష గడువులోపు దొరకదు. తప్పానని ఊరంతా తెలుస్తుంది. పళ్ల డాక్టరు చప్పట్లు కొట్టిన చేతుల్తో ఏం చేస్తారో! వెళ్లకపోతే మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు, మేడ మీద మంచాలకి తప్ప.

సంతకం పెట్టేశాను. వంకరగా వచ్చింది.

పరీక్ష రోజు మా ఆయనకి అత్తయ్యని మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానని చెప్పాం. "ఆటోలోనా?" అన్నారు ఆయన పేపరు చదువుతూనే. "ఏదో ఒకదాంట్లో" అన్నారు అత్తయ్య. ఆయన పడుకున్నాక స్కూలు కారే తీశాం.

పరీక్ష మైదానం పక్కన బెంచీ మీద ఆవిడని కూర్చోబెట్టాను. ఇన్‌స్పెక్టరుగారు మా కారెక్కి నేర్పేవాళ్ల సీట్లో కూర్చున్నారు. కాళ్లకి తళతళలాడే కొత్త బూట్లు. కూర్చుంటూనే ఒకసారి మూలిగారు. మైదానంలో ఎనిమిది ఆకారం తిప్పమన్నారు, తిప్పాను. రివర్సులో పెట్టమన్నారు, పెట్టాను. "ఇక రోడ్డు మీదికి పోనివ్వండి" అన్నారు.

ఫర్నిచరు షాపుల వీధిలో ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి ఉన్నట్టుండి ఒక కారు నా మీదికి వచ్చింది. ముందు ఎల్ బోర్డు. అందులో గుడ్లు తేలేసిన ఒకావిడ. ఎంత అధ్వాన్నంగా నడుపుతోందీవిడ అనుకున్నాను. మరుక్షణం అర్థమైంది, అది బీరువా అద్దం. ఒక మనిషి దాన్ని నిలువుగా పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. కారు అద్దానికి రెండు మూరల దూరంలో, కుదుపు లేకుండా ఆగింది.

ఆ మనిషి అద్దం అంచు మీదుగా తల బయటపెట్టి, "కాస్త చూసుకుని రావాలమ్మా" అని తాపీగా దాటి వెళ్లిపోయాడు.

అయిపోయింది, ఇన్‌స్పెక్టరుగారు బ్రేకు తొక్కేశారు. నేను తప్పాను. పక్కన అత్తయ్య లేరు కాబట్టి నా చెయ్యే డబ్బాలోకి వెళ్లింది. ఒక గుండీ తీసి పళ్లెంలో వేశాను. టింగ్‌మంది.

"ఏంటమ్మా అది?"

"గుండీ అండి. మీరు బ్రేకు తొక్కారుగా. మా స్కూల్లో ఒక్క బ్రేకుకి ఒక్క గుండీ."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. అద్దం దగ్గర."

ఆయన ఇబ్బందిగా కదిలి, తన కాళ్లవైపు చూపించారు. బూట్లు రెండూ విప్పి ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. కాళ్లు మడిచి సీటు మీద పెట్టుకుని ఉన్నారు. ఎడమ మేజోడు చిరుగులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది.

"కొత్తవి, కరుస్తున్నాయి" అన్నారు మెల్లగా. "మీరు బాగానే నడుపుతున్నారు కదా అని... ఇది కాగితం మీద రాయనక్కర్లేదు కదా? బండి ఆపింది మీరేనమ్మా."

నేనే.

అంటే ఆ అరక్షణం? తొక్కగానే ఎవరో నాకంటే ముందు తొక్కినట్టు అనిపించే ఆ అరక్షణం ఇప్పుడూ వచ్చింది. పక్కన చూస్తే బ్రేకు మీద కాలే లేదు. మరి పాలబండి దగ్గర? పిల్లి దగ్గర? శాలువా కింద కాలు ఎక్కడుందో నేను ఒక్కసారైనా చూశానా? కుడి మోకాలు మడత పడటమే కష్టమని మేడ మెట్లు ఎక్కని మనిషి, రోజుకి తొమ్మిది సార్లు బ్రేకు ఎలా తొక్కారు?

ఇది తెలిశాక సంతోషం రావాలి. నేను మాత్రం గేరు వెయ్యడం మర్చిపోయి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. యాభై రోజులకు పైగా పక్కన ఎవరో పట్టుకున్నారనుకుని ఊరంతా తిరిగాను, ఎవరూ పట్టుకోలేదన్నమాట! వెనక రెండు బళ్లు హారను కొట్టాయి.

"ఒంట్లో బాగోలేదా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "ఇంక వంతెన ఒక్కటే మిగిలింది. వద్దంటే ఇక్కడితో ఆపేసి పై నెల రండి. మీరు తప్పినట్టు రాయను."

పై నెల. ఎంత మంచి మాట! పదకొండేళ్లుగా నేను బతికిందంతా పై నెల మీదే.

"బూట్లు వేసుకోండి సార్" అన్నాను. "వంతెన ఎక్కుతున్నాం."

ఆయన గబగబా వేసుకున్నారు. సగం ఎత్తులో సిగ్నలు ఎర్రగా పడింది. ఆగాను. నా వెనక ఒక లారీ ఆనుకునేంత దగ్గరగా వచ్చి నిలబడింది. బల్ల మీద ఈ పాఠం వందసార్లు చెప్పాను: క్లచ్ మెల్లగా వదలండి, బండి ముందుకి లాగుతున్నట్టు తెలియగానే హ్యాండు బ్రేకు దించండి. "మెల్లగా" అంటే ఎంత మెల్లగానో, "తెలియగానే" అంటే ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! పచ్చలైటు పడింది. హ్యాండు బ్రేకు గట్టిగా లాగలేదేమో, కారు బెత్తెడు వెనక్కి జారింది. ఇన్‌స్పెక్టరుగారి బూటు బ్రేకు వైపు వెళ్లడం కంటికొసన కనిపించింది. అంతలో పాదం కింద ఏదో సన్నగా వణికింది, పాలు పొంగబోయే ముందు గిన్నె అదిరినట్టు. హ్యాండు బ్రేకు దించాను. కారు ఎక్కింది.

ఆయన బూటు గాల్లోంచి వెనక్కి వచ్చి నేలమీద ఆనింది.

మైదానంలో అత్తయ్య బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నా చేతిలో కాగితం చూడకుండానే, "గుండీలెన్ని?" అన్నారు.

"ఒకటి."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఒకటా? అతను తొక్కాడా?"

"నేనే వేసుకున్నాను. తొక్కనివాళ్ల తరఫున వెయ్యడం మన ఇంట్లో అలవాటేగా."

అత్తయ్య ఒలిచిన పప్పు ఒకటి నోట్లో వేసుకుని నమిలారు.

"మొదటి రోజు నిజంగా రెండు తొక్కాను" అన్నారు. "ఆ రెండింటికే మోకాలు ప్రాణం తీసింది. తరవాత అవసరం పడలేదు. చెయ్యి మాత్రం హ్యాండు బ్రేకు మీదే ఉంది, కావాలంటే గుర్తుచేసుకో."

గుర్తుచేసుకున్నాను. ఉంది. డబ్బా మీదనుకున్నాను.

"మరి ఇన్ని గుండీలు ఎందుకు వేశారు?"

"వెయ్యకపోతే మర్నాడు బండెక్కేదానివా? నీ తప్పులు ఎవరో ఒకరు రాసి చూపిస్తేగానీ నీకు అన్నం సయించదు."

"చివర్లో సున్నా అయినా చేయొచ్చుగా!"

"చేసి పంపితే నేను పంపినట్టుంటుంది." ఆవిడ తొక్కలు దులుపుకుని లేచారు. "ప్యాసా కాదా చెప్పి చావవే, గుండె ఆగేట్టుంది."

కాగితం చేతికిచ్చాను. ఆవిడ కళ్లద్దాలు వెతుక్కుంటున్నట్టు పర్సులోకి తల దూర్చి, కాసేపు బయటికి తీయలేదు.

ఉదారంగా ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోయాను. కారు దగ్గరికి వచ్చి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను.

"ఇదేంటే? నా సీటు ముందుది కదా."

"నాకిప్పుడు లైసెన్సుంది. పక్కన ఎవరూ అక్కర్లేదు. కూర్చోండి."

ఇరవై ఎనిమిదేళ్లలో ఆవిడ ఎప్పుడూ వెనక కూర్చోలేదట. అది మొదటి మలుపులోనే తెలిసింది. వెనకనుంచి టక్‌మని నేల మీద చెప్పు చప్పుడు. అక్కడ బ్రేకు లేదు, రబ్బరు పట్టా మాత్రమే ఉంది. నేను డబ్బాలోంచి గుండీ తీసి పళ్లెంలో వేశాను.

"ఏంటది?"

"మీరు తొక్కారుగా."

"నేనెక్కడ తొక్కాను?" బస్సు పక్కనుంచి వెళ్లింది. టక్. ఇంకో గుండీ.

"మోకాలు నొప్పన్నారు?"

"నోరు మూసుకుని రోడ్డు చూడు" అన్నారావిడ. టక్.

వీధి మొదట్లోకి వచ్చేసరికి పద్నాలుగు. నేను హారను కొట్టాను. మా ఆయన బయటికొచ్చారు. కారు చూశారు, స్టీరింగు వెనక నన్ను చూశారు, వెనక సీట్లో కొయ్యబారి కూర్చున్న వాళ్లమ్మని చూశారు. పరుగున వెళ్లి గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి, స్తంభానికి అడ్డంగా నిలబడ్డారు, పాపం, తనకేమైనా పరవాలేదన్నట్టు.

"తప్పుకోండి" అన్నాను కిటికీలోంచి. "మీరు నా లెక్కలో లేరు. స్తంభానికి స్తంభానికి మధ్యనే లెక్కేసుకున్నాను."

వరండాలో మా మరిది చేతిలో కొలత టేపుతో నిలబడి ఉన్నాడు. టేపు సగం బయటికి వేలాడుతోంది.

"టేపు లోపల పెట్టు, మరిదీ. బల్ల అక్కడే ఉంటుంది. వంతెన పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాలి, ఇన్నాళ్లూ సగమే చెప్పాను."

ఆయన పక్కకి తప్పుకున్నాక మొదటి గేరులో లోపలికి పోనిచ్చాను. అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు సందు. సున్నం రంగు మారిన పెచ్చు నా కిటికీ పక్కనుంచి మెల్లగా జరిగి వెనక్కి వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి టక్‌మంది. పదిహేను.

ఇంజను ఆపి దిగాను. మా ఆయన గేటు దగ్గరే ఉన్నారు. ఆయన కుడికాలి చెప్పు మట్టిలో రెండంగుళాలు దిగబడి ఉంది.

డబ్బాలోంచి ఒక గుండీ తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.